బలం సూది

నా జబ్బును మొట్టమొదట పట్టుకున్నది బస్సుల్లో టిక్కెట్లు తనిఖీ చేసే అధికారి. ఆయన దాన్ని దొంగతనం అనుకున్నాడు. అయినా పట్టుకున్న ఘనత ఆయనదే. తర్వాత చూసిన డాక్టర్లు కూడా దాన్ని ఇంకేదో అనుకున్నవాళ్లే కాబట్టి ఆయన్ని తప్పు పట్టడానికేమీ లేదు.

నేను కండక్టరును. ప్రొద్దుటూరులో బయల్దేరి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందుల పోవడం, మళ్లీ అదే దారిన వెనక్కి రావడం నా ఉద్యోగం. ఆ దారిలో ఏ స్టాపులో ఎవరు ఎక్కుతారో, ఎవరు ఏ సీటు కోసం పోట్లాడతారో నాకు కంఠతా వచ్చు. నా అంత కండక్టరు డిపోలో లేడని నా నమ్మకం. ఒకరోజు ముద్దనూరు దాటాక జీపు అడ్డం పెట్టి అధికారులు బస్సెక్కారు. కుడిపక్క సీట్లలో అందరి దగ్గరా టిక్కెట్లున్నాయి. ఎడమపక్క ఒక్కరి దగ్గరా లేవు. వెనక సీటు నుంచి ముందు సీటు దాకా ఎడమపక్కంతా ఊరికే ప్రయాణం చేస్తోంది.

"ఏందప్పా ఇది? ఆడోళ్లకు ఉచితమని ఇన్నాం గానీ, ఎడమపక్కోళ్లకు ఉచితమని యాడా ఇనల్యా" అన్నాడు పెద్ద అధికారి.

"ఆ పక్క ఎవురుండారు సార్?" అన్నాను నేను.

ఆయన ముఖం ఎర్రబడింది. ఎగతాళి చేస్తున్నాననుకున్నాడు. నేను నిజంగానే అడిగాను. నా చూపులో లోపం లేదు, దూరంగా వచ్చే లారీ నంబరు చదవగలను. కానీ బస్సుకు ఎడమపక్క అనేది ఒకటుందన్న ఆలోచనే నా బుర్రలోంచి లేచిపోయింది. ఆ పక్క కూర్చున్నవాళ్లు పిలవొచ్చు కదా అంటారేమో. మా వైపు జనం మంచివాళ్లే. కండక్టరు మరిచిపోయిన టిక్కెట్టును పిలిచి మరీ కొనుక్కునేంత మంచివాళ్లు మాత్రం కాదు. ఒక పెద్దమ్మ మటుకు లేచి, "పాపం, ఈ నాయన ఈపొద్దు మా తట్టు చూడనే ల్యా సార్. మాపైన కోపమేమో అనుకోని గమ్మునుండాం" అని నా తరఫున సాక్ష్యం చెప్పింది. ఆ సాక్ష్యంతో నన్ను ఇంట్లో కూర్చోబెట్టారు.

ఇంటికి పోతే అక్కడ ఇంకో విచారణ. మా ఆవిడది జమ్మలమడుగు. మాట గట్టిది, మనసు మెత్తనిది అనడం మామూలు, ఆమెకు రెండూ గట్టివే. కొన్నాళ్లుగా ఆమె నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. కారణం ఆరోజు బయటపడింది.

"నా వంకాయ కూర బాగల్యాకుంటే బాగల్యాదని చెప్పు. దినమ్మూ సగం పళ్లెం ఇడ్సిపెట్టి లేసేది ఏంది?"

"నేను యాడ ఇడ్సిపెట్టినా? అంతా తిన్నా కదా!"

ఆమె నా పళ్లెం వైపు చూసింది. నా ముఖం వైపు చూసింది. కుడి చెంప నున్నగా ఉంది, ఎడమ చెంప మీద వారం గడ్డం ఉంది. అప్పుడామె చేసిన పని నాకిప్పటికీ గుర్తే. పళ్లేన్ని ఇటునుంచి అటు తిప్పింది. అరె, ఇంకా ఇంత కూర ఉందా అని సంతోషపడి తిన్నాను. వంకాయ కూరకు వచ్చిన చెడ్డపేరు ఆ క్షణంలో తొలగిపోయినా ఆమెకు అది పట్టలేదు.

ప్రొద్దుటూరు డాక్టరు తలకు స్కాన్ తీయించి, కుడిపక్క తెల్ల మచ్చ చూపించి, పక్షవాతం అన్నాడు. రక్తం పలచబడే మాత్రలిచ్చాడు. మింగినకొద్దీ నాకు నిద్ర ఎక్కువైంది, ఎడమకాలు ఈడ్చుకుపోవడం మొదలైంది, అన్న మాటే మళ్లీ అనడం మొదలైంది. మా ఆవిడ నన్ను పుట్టింటికి తీసుకుపోయి జమ్మలమడుగు డాక్టరుకు చూపింది. ఆయన పెద్దమనిషి. తలలో గడ్డ కనపడితే మన దేశంలో ముందు టీబీనే అనుమానించాలి అన్నాడు. టీబీ మాత్రలు రాశాడు, వాటితో పాటు వాపు తగ్గడానికి చిన్న తెల్ల మాత్రలు రాశాడు.

ఏం చెప్పమంటారు. వారం తిరక్కుండా నేను లేచి కూర్చున్నాను. రెండు చెంపలూ గీసుకున్నాను. పళ్లెం తిప్పాల్సిన పని లేకపోయింది. ఇక ఘనత ఎవరిదన్న తగాదా మొదలైంది. మా ఆవిడ లెక్కన అది జమ్మలమడుగు గొప్పతనం. మా అక్క లెక్కన గండి ఆంజనేయస్వామి మహిమ. అక్కది పులివెందుల దగ్గర లింగాల, చీనీతోట, అంటే బత్తాయి తోట ఉంది. నన్ను చిన్నప్పుడు చంకనేసుకుని పెంచింది కాబట్టి నా మీద తనకున్న హక్కు నాకు కూడా లేదని ఆమె అభిప్రాయం. శ్రావణ శనివారాలన్నీ నన్ను గండికి నడిపిస్తానని స్వామికి మొక్కేసింది. నడవాల్సింది నేను, మొక్కింది ఆమె.

చిన్న తెల్ల మాత్రలు అయిపోయాక, టీబీ మాత్రలు నడుస్తుండగానే, కాలు మళ్లీ ఈడ్చింది. గడ్డం మళ్లీ ఒక పక్కే పెరిగింది. జమ్మలమడుగు డాక్టరు స్కాన్ పటం చాలాసేపు చూసి, "ఇది నాకు అంతుపట్టలేదు, బెంగళూరు పోండి" అన్నాడు. అంతుపట్టలేదని ఒప్పుకున్న డాక్టరును నేను ఆయన్నొక్కణ్ణే చూశాను, అందుకే ఆయనంటే నాకు గౌరవం. దారికని ఆ చిన్న తెల్ల మాత్రలే మళ్లీ ఇచ్చి పంపాడు.

బెంగళూరు డాక్టరు పొట్టిగా, సన్నగా ఉండే ఆడమనిషి. హిందూపురం వైపు పుట్టి కన్నడ బడిలో చదివింది కాబట్టి తెలుగు ఆచితూచి మాట్లాడుతుంది. స్కాన్ పటాలన్నీ వరసగా పెట్టుకుని చూసి, మాకు అర్థమయ్యేలా చెప్పింది. నా తలలో ఉన్నది అరుదైన క్యాన్సర్ కావచ్చు. ఒంటికి కాపలా కాసే కణాలకే మతి చెడి మెదడులో గూడు కడతాయట. లింఫోమా అంటారట. అది ఒకరిలో పక్షవాతంలా ఉంటుంది, ఒకరిలో టీబీలా, ఇంకొకరిలో ముసలితనపు మతిమరుపులా. పగటివేషగాడు కూడా ఇన్ని వేషాలు వేయడు.

"మీరు మింగిన చిన్న మాత్ర స్టెరాయిడ్. అది తగిలితే ఈ గడ్డ మంచులా కరుగుతుంది. చావదు, దాక్కుంటుంది. ఒక చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తేనే దాని పేరు ఖాయంగా తెలుస్తుంది. పేరు తెలిస్తేనే మందు ఇవ్వగలను. ఇప్పుడది కరిగి ఉంది, సూది దించితే ఏమీ దొరకదు" అంది.

"అయితే ఇప్పుడేం చేయాల?" అంది మా ఆవిడ.

"ఆ మాత్ర ముట్టకండి. ఇంటికి పోండి. రానీండి దాన్ని."

బయటికొచ్చాక మా ఆవిడ మెట్ల మీద కూలబడింది. "రానీమంటాంది చూడయ్యా. చుట్టమా అది, రానీడానికి?" అంది. ఆమెకు నవ్వు రాలేదు, నాకూ రాలేదు. పేరు తెలియకపోతే మందు లేదు, మందు లేకపోతే నేను లేను. ఆ సంగతి ఇద్దరికీ తెలిసింది.

ఇక్కడ మా అక్క ఒక నియమం గురించి చెప్పాలి. మా ఇళ్లలో పెద్ద డాక్టరు దగ్గరికి పోయే ముందు మనిషిని తయారు చేస్తారు. తలంటు పోస్తారు, ఉతికిన బట్టలేస్తారు, కడుపునిండా సంగటి పెడతారు. పోయి నిలబడితే డాక్టరు వీడు బతికే మనిషిరా అనుకోవాలి. పీనుగలా పోయి కూలబడితే ఎవరు మనసుపెట్టి వైద్యం చేస్తారు? అక్క దీన్ని ఒక్క మాటలో చెబుతుంది: "సంతకు తోలుకపోయే ఎద్దును కడిగి, కొమ్ములకు నూనె పూసి తోలుకపోతామా ల్యాదా?"

ఈ తయారీలో చివరి అంకం బలం సూది. వాళ్లూళ్లో ఒక ఆరెంపీ ఉన్నాడు. హస్తవాసి మంచిదని పేరు. జ్వరానికీ, నడుం నొప్పికీ, పరీక్షల భయానికీ, పెళ్లిచూపులకూ ఆయన ఒకటే సూది వేస్తాడు. ఎర్రటి మందులో నీళ్లలాంటి మందు కలిపి ఎక్కిస్తాడు. ఎర్రది విటమిన్, అది చూసేవాళ్ల కోసం. నీళ్లలాంటిది ఏమిటని ఎవరూ అడగలేదు. సూది పడిన మనిషి మరునాడు లేచి తిరుగుతాడు, అంతకన్నా రుజువేం కావాలి.

జబ్బు తిరగబెట్టి నేను మంచం పట్టగానే బెంగళూరు ప్రయాణం ఖాయమైంది. దారిలో అక్క ఇంట్లో కొన్నాళ్లు ఆగాం. ఆమె నన్ను చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. "ఈ వాలకంతో పోతే లోపలికి గూడా రానీరు అబ్బీ నిన్ను" అని ఆరెంపీని పిలిపించింది. ఉన్నన్నాళ్లూ పొద్దునా సాయంత్రం సూది పడింది. బెంగళూరు ఆసుపత్రిలోకి నేను పెళ్లికొడుకులా నడిచిపోయాను. డాక్టరు కొత్త స్కాన్ చూసి, పాత స్కాన్ చూసి, నా నడక చూసి, కుర్చీలో వెనక్కి వాలింది. మచ్చ వెలిసిపోయింది. ముక్క తీయడానికి ఏర్పాటు చేసిన గదిని వేరేవాళ్లకు ఇచ్చేశారు.

"ఏమైనా మాత్ర వేసుకున్నారా?"

"ఒట్టమ్మా, ఏమీ ముట్టల్యా" అంది మా ఆవిడ. అది నిజం. బలం సూది మా లెక్కలో మందు కాదు. కాఫీ తాగావా అని డాక్టరు అడిగిందా? ఇదీ అంతే.

దాంతో డాక్టరుకు తన అనుమానం మీదే అనుమానం వచ్చింది. తనంతట తానే వచ్చిపోయే నరాల వాపు ఏదైనా కావచ్చేమో, ఇంకా చూద్దాం అంది. మేము సంబరంగా ఊరికి వచ్చాం. అక్క శనగబేడలు నానబెట్టి వడలు చేసి వీధంతా పంచింది. వడల వాసన పోకముందే నేను మళ్లీ పడ్డాను. ఈసారి కాలితో పాటు మాట కూడా తడబడింది. మళ్లీ లింగాల, మళ్లీ ఎద్దు ముస్తాబు, మళ్లీ బెంగళూరు. మళ్లీ మచ్చ వెలిసిపోయింది.

ఈసారి అక్క కూడా వెంట వచ్చింది. డాక్టరు పటాలను పక్కన పెట్టి నా ముఖాన్నే చూస్తూ కూర్చుంది. నా ముఖం గుండ్రంగా ఉబ్బింది. రక్తంలో చక్కెర ఎక్కడికో ఎగబాకింది. మందు తిన్నారా అని ఆమె అడగలేదు. "మీ ఊరి నుంచి ఇక్కడికి చాలా దూరం. ఇంత జబ్బు మనిషిని ఎలా తీసుకొస్తారు? బయల్దేరే ముందు ఏమేం చేస్తారు?" అని అడిగింది.

అడగాల్సిన మనిషిని అడిగింది. అక్కకు ఇంతకాలానికి తన కష్టం చెప్పుకునే చోటు దొరికింది. తలంటు దగ్గర మొదలుపెట్టి, విభూతి, సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి, అన్నీ వివరంగా చెప్పి, "ఆపైన రెండు పూటలా బలం సూది ఏపిస్తానమ్మా. ల్యాకుంటే నా తమ్ముడు నీ ముందర ఇట్ల నిలబడ్తాడా?" అని ముగించింది. ముఖంలో ఎంత గర్వమో.

డాక్టరు రెండు చేతులతో తల పట్టుకుంది. తర్వాత ఆరెంపీకి ఫోన్ చేయించి మాట్లాడింది. నీళ్లలాంటి మందు పేరు ఆయన ఏమాత్రం దాచకుండా చెప్పాడు. స్టెరాయిడే.

"అమ్మా, నేను ఎద్దును కొనడానికి కూర్చోలేదు. నాకు ముస్తాబు వద్దు. మీ తమ్ముడు ఎంత అధ్వానంగా ఉంటే అలాగే తీసుకురండి. మీరు బాగు చేసి తెచ్చిన ప్రతిసారీ ఆయన చావుకు దగ్గరవుతున్నాడు" అంది డాక్టరు.

అక్క ముఖంలో రక్తం లేదు. ఆమెను తిట్టే ధైర్యం మా ఆవిడకు కూడా లేకపోయింది. తిరుగు ప్రయాణంలో కదిరి దాటేదాకా అక్క నోరు తెరవలేదు. పుట్టిన తర్వాత ఆమె అంతసేపు ఊరుకోవడం అదే మొదటిసారని నా నమ్మకం. నాకు ఆమె మీద కోపం రాలేదు. జాలేసింది. ఆమె చేసినదంతా నేను నలుగురిలో తలెత్తుకుని నిలబడాలనే కదా.

ఆ తర్వాతి రోజులు నాకు సగం సగమే తెలుసు, మిగతాది మా ఆవిడ చెప్పగా విన్నదే. ప్రొద్దుటూరు ఇంట్లో నన్ను మంచం మీద పడుకోబెట్టి, జబ్బు కోసం ఎదురుచూశారు. జబ్బు పోవాలని ఎదురుచూసే ఇళ్లున్నాయి. రావాలని ఎదురుచూసిన ఇల్లు మాదొక్కటే అయ్యుంటుంది. చూడ్డానికి వచ్చిన చుట్టాలు ఒక సెలైనైనా పెట్టించరా, మీకు గుండె రాయా అని మా ఆవిడను తిట్టిపోయారు. ఆరెంపీ పాపం నా మీద అభిమానంతో లింగాల నుంచి బస్సెక్కి వచ్చాడు, సంచీతో సహా. గుమ్మంలో అక్క కూర్చుని ఉంది. మేము చెప్పకుండానే వచ్చి కాపలా కూర్చుంది.

"సంచీ ఆడ పెట్టి లోపలికి రాప్పా. కాఫీ తాగు, పో. సూది బయటికి తీసినావంటే కాళ్లిరగ్గొడ్తా" అంది. ఆయన కాఫీ తాగి పోయాడు.

జబ్బు ఎంత ముదిరితే బయల్దేరాలో డాక్టరు మా ఆవిడకు ఒక గుర్తు చెప్పింది. రోజూ నా ఎడమపక్క కూర్చుని మాట్లాడించాలి. పలికితే ఆగాలి. పలకకపోతే బండెక్కాలి. మా ఆవిడ రోజూ పొద్దున్నే వచ్చి ఎడమపక్క కూర్చునేది. "ఏమయ్యా, ఎట్లుండావు?" అనేది. మొదట్లో నేను తల తిప్పి పలికేవాణ్ణట. తర్వాత తల తిప్పకుండా పలికేవాణ్ణట. ఒకరోజు పలకలేదట. ఆమె భుజం తట్టింది, చెయ్యి పట్టుకుంది, పేరు పెట్టి కూడా పిలిచింది. మా పెళ్లయ్యాక నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. నేను గోడ వైపు చూస్తూ, "మా ఇంట్లోది యాడికి పాయ? పొద్దన్నుంచి అగుపడల్యా" అని గోడనడిగానట.

మా ఆవిడ పెద్దగా నవ్వింది. నవ్వుతూనే అక్కను కేకేసింది. "వదినా, రా, వచ్చింది! జబ్బు వచ్చింది! బండి పిలిపీ!" అని. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఇల్లదిరేలా నవ్వి, ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో తెలియకుండా ఏడ్చారట. ఈ సంగతి మా ఆవిడ నాకు చెప్పలేదు. అక్క చెప్పింది.

ఆ ప్రయాణంలో నాకు తలంటు లేదు. మాసిన లుంగీ, రెండు పక్కలా గడ్డం, నోటి పక్క సొంగ. డాక్టరు నన్ను చూసి, "ఇప్పుడు సరిగ్గా తెచ్చారు" అందట. మరునాడే పుర్రెకు చిన్న రంధ్రం చేసి ముక్క తీశారు. పేరు దొరికింది. ఆమె మొదట అనుమానించినదే. పేరు దొరికాక మందులు కూడా దొరికాయి, కానీ అవి మంచి మందులని చెప్పను. సీసాలకు సీసాలు ఎక్కించారు. జుట్టు పోయింది, నాలుక మీద చర్మం పోయింది, వంకాయ కూర వాసనకే కడుపులో తిప్పింది. చాలా నెలలు పట్టింది. ఎడమపక్క అనేది కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. మొదట ఎడమచెయ్యి నాదేనని తెలిసింది, తర్వాత ఆ పక్కన ఒక కిటికీ ఉందని, ఆ కిటికీ దగ్గర మా ఆవిడ కూర్చుని ఉందని తెలిసింది. ఎంత చిక్కిపోయిందో అప్పుడు చూశాను. చూసి ఏడ్చాను. ఏడవడానికి సిగ్గుపడలేదు.

ఇప్పుడు డిపోలో కూర్చునే పని చేస్తున్నాను. కొన్ని నెలలకొకసారి బెంగళూరు పోయి తల చూపించుకోవాలి. మొన్న పోయినప్పుడు డాక్టరు స్కాన్ పటం మా వైపు తిప్పి, నవ్వుతూ, "ఏమీ లేదు, శుభ్రంగా ఉంది" అంది.

అలాంటి మాటకు ఎవరైనా దండం పెడతారు. మా ఆవిడ ముఖం మాడిపోయింది. ఏమీ లేదన్న మాటను నమ్మి వడలు పంచినవాళ్లం మేము.

"ఏమీ ల్యాదంటే ల్యానట్టా అమ్మా, దాక్కున్నట్టా?" అని అడిగింది.

డాక్టరు నవ్వు ఆపింది. "ఈసారి దాచే మందు వేయలేదు, చంపే మందు వేశాం. అందుకని లేదనే అనుకుంటున్నాను. మళ్లీ రండి, మళ్లీ చూద్దాం. నేను చెప్పగలిగింది అంతే" అంది. అంతకన్నా ఎక్కువ చెప్పనందుకు ఆమె మీద నాకు నమ్మకం పెరిగింది. నా భయం మాత్రం తగ్గలేదు.

బయటికొచ్చి అక్కకు ఫోన్ చేశాం. తోటలో ఉంది, చీనీకాయలు కోయిస్తోంది.

"ఏమీ ల్యాదంట వదినా" అంది మా ఆవిడ.

అవతలి నుంచి అక్క గొంతు: "ఏమీ ల్యాకపోయేదేందిమే? బాగా చూసినారా? రొంత ఇంకోసారి చూడమనకపోతిరి?"

నేను నవ్వాను. మా ఆవిడ కూడా నవ్వబోయింది, కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆసుపత్రి వరండాలో జనం మధ్యలో నిలబడి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ నాతో అంది:

"నీకు జబ్బొచ్చిందంటే నవ్వితి. జబ్బు ల్యాదంటే ఏడుస్తాండా. మల్లోసారి వచ్చినప్పుడు నా తలకాయ గూడా చూడమని చెప్పాలయ్యా ఆమెకు."